ఇనుము లాగుడు

ఆ పూట తెల్లారినా ఆకాశం తెరుచుకోలేదు. సముద్రం మీది నుంచి టెక్కలి వైపు కొండల దాకా ఒకటే మబ్బు, తడిసిన గోనెపట్టా కప్పినట్టు. చినుకు లేదు, గాలి లేదు, సూర్యుడు ఎక్కడున్నాడో కూడా తెలియదు. భావనపాడు ఇసకలో నెత్తళ్ళ చేపలు ఆరబోసుకునే ఆడవాళ్ళు ఆ మబ్బును ఏడు తరాలకూ కలిపి తిడుతున్నారు. ఢిల్లేశ్వరరావుకు మాత్రం అది అడిగి తెచ్చుకున్నట్టున్న మబ్బు. ఎండ ఒక పక్క పడితే ఇనుము ఆ పక్క సాగుతుంది. సాగినదాన్ని తిన్నగా ఉందనుకుని కుట్టేస్తే రాత్రి చల్లబడ్డాక అది తన బుద్ధి చూపిస్తుంది. మనుషుల్లాగే, అనుకున్నాడు. అలా అనుకోగానే అవతలి పక్కనున్న మనిషి గుర్తొచ్చి నోట్లో చేదు ఊరింది. ఉమ్మేశాడు.

బోటు దుంగల మీద కూర్చుని ఉంది. ఇంకా రంగు పడలేదు, ఒళ్ళంతా తుప్పు చారలు, సుద్దముక్కతో గీసిన గీతలు. దాని పొట్ట కింద పడమటి పక్కన కొబ్బరిపీచు పట్టా పరుచుకుని ఒత్తిగిలి పడుకున్నాడు ఢిల్లేశ్వరరావు. ముఖానికి నల్లద్దం డాలు, చేతిలో హోల్డరు, హోల్డరులో రాడ్డు. తలకు జానెడు దూరంలో బోటు వెన్నెముక. కీల్ అంటారు, ముందు కొస నుంచి వెనక కొస దాకా ఒకటే ఇనప దూలం. అడుగు రేకులు రెండు పక్కల నుంచీ వచ్చి దానికి ఆనుతాయి. ఆ ఆనినచోట వెల్డింగు కుట్టు ఒక్కటే మిగిలింది. ఈ పక్క తను కుట్టాలి, తూర్పు పక్క రామూర్తి కుట్టాలి. రామూర్తి బావ. తోడబుట్టిన అప్ప తవిటమ్మ మొగుడు. ఇద్దరి మధ్యా మాటలు లేవు, బొటనవేలంత మందం ఇనుముంది. అవతల నుంచి సుత్తితో కీల్ మీద ఒక దెబ్బ పడింది, టంగుమని. ఒకటి కొడితే నేను అంటించాను అని. ఇతనూ ఒకటి కొట్టి అంటించాడు, అద్దంలో లోకమంతా ఆరిపోయి ఆకుపచ్చ చుక్క ఒక్కటి మిగిలింది.

చుక్క వెనక చుక్క. కరిగిన ఇనుము మురుకుల పిండిలా జారి పడి, పడగానే గట్టిపడి, గట్టిపడుతూనే ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ చుట్టుపక్కలదాన్నంతా తన వైపు లాక్కుంటుంది. లాగుడు అంటారు దాన్ని. ఎంత మొనగాడు కుట్టినా లాగుడు తప్పదు, లాగకుండా చల్లారే ఇనుము భూమ్మీద పుట్టలేదు. చెయ్యగలిగిందల్లా ఇది ఇటు లాగే వేళకే అటు కూడా అంతే లాగేటట్టు చూసుకోవడం. నులకమంచం బిగించినట్టే. ఒక పక్క నుంచే గుంజుకుపోయావా, మంచం ఓరబడి కోడు ఒకటి నేలకానదు, పడుకున్నవాడికి రాత్రంతా ఎవరో పక్కకి తోస్తున్నట్టే ఉంటుంది. అందుకే ఇద్దరూ ఒకేసారి అంటించాలి, ఒకేలాంటి రాడ్డు, ఒకే కరెంటు, ఒకే నడక. జానెడు ముందుకు వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కి కుట్టుకురావాలి, మళ్ళీ దాని ముందు జానెడు. ఇదంతా నేర్పింది ఎవరు? ఆ పక్కనున్నవాడే. తిత్లీ తుఫాను గాలి కొబ్బరిచెట్లన్నింటినీ ఒక్క రాత్రిలో పడుకోబెట్టిన ఏడాది, తోటలో నిలబడితే ఇటు జీడిమామిళ్ళ మీదుగా సముద్రం కనిపించిన ఏడాది, ఇంక ఇక్కడేటి సేత్తావురా బామ్మర్దీ రా అని చెయ్యి పట్టుకుని విశాఖపట్నం ఓడల యార్డుకి తీసుకెళ్ళి, నల్లద్దం ముఖాన పెట్టి, మంట వైపు కాదు మంట వెనకాల సూడు, గట్టిపడేదాన్ని సూడు, అని వెనక నుంచి చెయ్యి ఆడించినవాడు. ఓడ అడుగున గదుల్లో మాట వినపడదు కాబట్టి సుత్తి మాటలు నేర్పింది కూడా అతనే. ఒకటి కొడితే అంటించాను. రెండు కొడితే ఆపు. మూడు కొడితే మనిషి కావాలి, బేగి రా.

చెవి ఇనుముకు దగ్గరగా ఉంటే అవతలి మంట వినిపిస్తుంది, పొరుగింట్లో వడియాలు వేయిస్తున్నట్టు సన్నగా, ఎడతెరిపి లేకుండా. ఆ చప్పుడు వింటే చాలు, బావ చెయ్యి ఎక్కడుందో తెలిసిపోతుంది. చూడకపోయినా తెలుస్తుంది, చూడాలని లేదు కూడా. పొద్దున్న వచ్చినప్పుడు ఆ మనిషి దుంగ మీద కూర్చుని బూట్లలోకి కాళ్ళు దూర్చుకుంటూ చాలాసేపు వంగే ఉన్నాడు, ఇతను అటు తల తిప్పకుండా వచ్చి తన పట్టా పరుచుకున్నాడు. ముందు కొస దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో నారాయణరావు, బోటు సొంతదారు, టెక్కలిలో బుగత అనిపించుకునే ఆసామి, తెల్లబట్టల మీద మరక పడకుండా కాళ్ళు ఎడంగా పెట్టుకుని. కుట్టు మొదలుకాకముందే అన్నాడు: "ఏరా ఢిల్లీ, ఈ బోటయినా తిన్నగా పోతాదా, దీనికీ ఎండ్రకాయ నడకేనా?" రేవుకి పోతూ ఆగినవాళ్ళు నవ్వారు. బావ కూడా నవ్వాడా? నవ్వే ఉంటాడు. నవ్వకుండా ఉండటానికి అతనికేం పోయింది, ఆ మాట పుట్టించిందే అతను కదా.

ఎండ్రకాయ బోటు. కిందటి బోటు. ఇప్పటికీ రేవులోంచి బయటపడగానే పీతలా ఎడమకి మొగ్గుతుంది. దాని సరంగు అప్పలస్వామికి చక్రాన్ని కుడికి బిగపట్టి పట్టి కుడి భుజం కాయ కాచింది. కల్లు తాగినరోజు అందరూ వినేలా అంటాడు, మా బోటుకి అత్తోరిల్లు ఎడంపక్కనున్నాదిరా, ఎటు తిప్పినా అటే ఎల్తాది, ఆ సమ్మందం కుదిర్చినోడు ఢిల్లీగాడు, అని. కాదు. ఆ సంబంధం కుదిర్చింది ముహూర్తం. నీళ్ళలోకి దింపే ముహూర్తం పెట్టించేశాడు నారాయణరావు, పంతులొచ్చేశాడు, మేకపోతు వచ్చేసింది, బోటు మాత్రం ఇంకా వేడిగా ఉంది. దారం లాగి వంకర చూసేది తెల్లారకముందు, ఎండ పడకముందు. ఆరోజు మిట్టమధ్యాహ్నం దాటాక, పడమటి రేకు పెనంలా కాలుతుంటే బావ దారం లాగాడు. బోటు పడమటికి పొట్ట ఉబ్బించి ఉంది. ఎండ దిగనీ బావా, అన్నాడు ఢిల్లేశ్వరరావు. అన్నాడు, అది ఆ ఇసకలో ఉన్న కాకులు కూడా విన్నాయి. ఎండకీ ఇనుముకీ సుట్టరికం నువ్వు నాకు నేర్పుతావేటిరా, పడమటిపక్క కాల్చి లాగీ, అన్నాడు బావ. చెప్పినట్టే ఢిల్లేశ్వరరావు కాల్చి లాగాడు. దారానికి తిన్నగా వచ్చింది. పంతులు కొబ్బరికాయ కొట్టాడు. తెల్లవారి చల్లబడ్డ బోటు ఉబ్బు తీసుకుని, కాల్చిన లాగుడు మాత్రం ఉంచుకుని, అరటికాయలా వంగి కూర్చుంది. అప్పుడు నారాయణరావు ఎదుట, పదిమంది ఎదుట, బావ నోరు తెరిచాడు. "మా బామ్మర్ది సెయ్యి తిన్నగా పడనేదు బాబూ." అంతే, ఒక్క ముక్క. దాని వెనక ఇంకో మాట లేదు, ముందూ లేదు. తర్వాత ఇంటికొచ్చి అప్ప ఎంత ఏడ్చినా, తమ్ముడూ ఆయన నోరు జారినాది అని ఎంత బతిమాలినా, ఆ ముక్క చల్లారి గట్టిపడిపోయింది, అది ఎంత లాగాలో అంతా లాగేసింది. సుత్తితో కొడితే ఊడేది పైన కట్టిన పెంకు ఒక్కటే.

నారాయణరావు మళ్ళీ వీళ్ళిద్దరినే పిలిచాడంటే ప్రేమ కాదు, ఈ తీరాన ఇనప బోటు కుట్టేవాళ్ళు ఇంకెవరూ లేక. సెరో పక్కా మీరే కుట్టండి, ఈసారి వంకరొస్తే ఎవుడి వంకరో నాను కూకుని సూత్తాను, అన్నాడు. దీనికీ వంకరొస్తే మరింక ఢిల్లేశ్వరరావు చేతిని ఈ ఒడ్డున ఎవరూ నమ్మరు. గేటుకి గొళ్ళెం అతికించమని కూడా పిలవరు. మళ్ళీ పరాయి ఊరి యార్డులో, అద్దెగదిలో పదిమంది మధ్య, బీహారువాళ్ళ రొట్టెలు తింటూ, మేస్త్రీ బూతులు వింటూ బతకాలి. తిత్లీ తర్వాత పెట్టిన కొబ్బరిమొక్కలు ఇప్పుడిప్పుడే మనిషెత్తు దాటుతున్నాయి, వాటికి నీళ్ళెవరు పోస్తారు? ఈ కుట్టు తిన్నగా రావాలి. అది రావాలంటే ఆ మనిషి చెయ్యి తన చెయ్యితో కలవాలి. ఊళ్ళో ఎదురుపడితే పక్కసందులోకి తిరిగిపోయే మనిషి చేతితో. రాడ్డు అయిపోయింది. రెండు దెబ్బలు కొట్టాడు. అటు నుంచి రెండు పడ్డాయి. కొత్త రాడ్డు. ఒకటి. ఒకటి. మంట.

బోటు నడుము దాకా వచ్చారు. ఇదే అసలు చోటు, వంగితే ఇక్కడే వంగుతుంది. చెమట కంట్లోకి దిగుతోంది. జీడిగింజలు కాల్చే వాసన ఎటునుంచో గాలి లేకుండానే వస్తోంది. చిన్నప్పుడు ఆ వాసన వస్తే అప్ప తన ఒడిలోంచి పప్పు తీసి సగం కొరికి సగం పెట్టేది, పెద్ద సగం తనే ఉంచుకునేది, దొంగముండ, అనుకుని నవ్వబోయి, ఆ నవ్వు మధ్యలో ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఏమిటది? వడియాలు వేగడం లేదు. అవతల చప్పుడు లేదు. రెండు దెబ్బలు కొట్టకుండానే మంట ఆరిపోయింది.

చెయ్యి ఆగలేదు. ఎందుకాగాలి? ఆపమని అడిగాడా? కుర్చీలో బుగత చూస్తూనే ఉన్నాడు, ఎవరి మంట వెలుగుతోందో, ఎవరిది ఆరిందో కళ్ళారా చూస్తున్నాడు. ఇంకో జానెడు కుడదాం. ఇంకో జానెడు. ఈ నడుము దగ్గర ఒక పక్క కుట్టు పడి రెండో పక్క ఖాళీగా ఉంటే చాలు, చల్లారేసరికి దూలం ఎవరి మాటా వినదు. అప్పుడు నారాయణరావే అడుగుతాడు, ఏం రామూర్తీ నీ మంట ఏల ఆరినాది అని. అప్పుడు ఏమంటాడో వినాలి. బామ్మర్ది సెయ్యి అంటాడా? అను, ఇప్పుడను. ఆకుపచ్చ చుక్క ముందుకు జరుగుతూ ఉంటే ఒంట్లో చల్లగా ఉంది, దప్పికైనప్పుడు ముంజె మింగినట్టు. జానెడు అయింది. ఇంకో జానెడు వైపు చెయ్యి జరిగింది. జరిగి నిలబడింది. వంగేది ముందు కుట్టినవాడి వైపు. ఇటే. నారాయణరావుకు ఇనుము సంగతి ఏం తెలుసు, పొట్ట ఇటు కుదించుకుపోయిందా, ఇటువాడిదే తప్పంటాడు. ఇంకో అప్పలస్వామి ఇంకో చక్రాన్ని భుజం కాయ కాచేలా పట్టుకుని బతికినన్నాళ్ళూ పాట కడతాడు. బావ పరువు పోయినా పోకపోయినా బోటుకి మాత్రం నడుం పోతుంది, అది రెక్కలు ముక్కలు చేసుకుని కుట్టిన బోటు. థూ, అని రాడ్డు పీకేశాడు.

రెండు దెబ్బలు కొట్టాడు. జవాబు లేదు. మళ్ళీ కొట్టాడు. అటు ఇనుము రాయిలా ఉంది. డాలు పైకెత్తితే ఇసక మీద వెలుగు మారి ఉంది, తూర్పున మబ్బు పల్చబడి విరిగిన పాలలా ముక్కలవుతోంది. ఎండ వస్తే ముందు పడేది బావ వైపే. సచ్చినోడు ఎక్కడికి పోయినాడు, బీడీకా? ఛాతీ ఇసకకి రాసుకుంటూ కీల్ కింద నుంచి పాకి ఆ పక్కకి తల పెట్టాడు.

రామూర్తి ఎక్కడికీ పోలేదు. డాలు పక్కన పడేసి, నుదురు ఇనుముకి ఆనించి కూర్చుని ఉన్నాడు. ముందు ఇసకలో కక్కినది, దాని మీద గుప్పెడు ఇసక కప్పి ఉంది. బూట్లు విప్పేశాడు. కాళ్ళు, అవి బావ కాళ్ళు కావు. చీలమండలు పూడిపోయి, చర్మం బిగిసి మెరుస్తూ, బూటు అంచు లోతుగా దిగినచోట గాడి అలాగే నిలిచి ఉంది. ఈ ఉద్దానం పల్లెల్లో ఆ కాళ్ళకి పేరు చెప్పక్కర్లేదు. కిడ్నీ జబ్బుతో వీధికి ఇద్దరికి ఉంటాయి. గడపల మీద కూర్చుని బొటనవేలితో నొక్కి చూసుకుంటారు, పడ్డ గుంట ఎంతకి పూడుతుందా అని.

"మూడు కొట్టనేకపోయినావా?" అన్నాడు ఢిల్లేశ్వరరావు. ఎండ్రకాయ బోటు తర్వాత బావతో మాట్లాడిన మొదటి మాట అదే.

"నీకా? సత్తే కొట్టను."

"పలాస ఎల్తన్నావా? ఆసుపత్రికి?"

"నీకెవులు సెప్పినారు? మీ అప్పా?"

"నీ కాళ్ళు సెప్తన్నాయి."

"కాళ్ళతో కుట్టనురా నాను. నీ పక్కకి పో."

హోల్డరు అందుకోబోయాడు ఢిల్లేశ్వరరావు, ఇలాగివ్వు నేనే రెండు పక్కలా జానెడు జానెడు కుట్టుకొస్తాను, అనబోయాడు. రామూర్తి దాన్ని వెనక్కి లాక్కున్నాడు, పిల్లాడు తాయిలం దాచుకున్నట్టు. కళ్ళ కింద ఉబ్బులోంచి చూసిన ఆ చూపులో దయ అడగడం లేదు, ఉన్న పగంతా అలాగే ఉంది, అరగలేదు, తరగలేదు. అది చూసి ఢిల్లేశ్వరరావుకి గుండె కొంచెం కుదుటపడింది. "బేగి కుట్టు మరి. ఎండొత్తంది," అని వెనక్కి పాకాడు.

తన పక్కకొచ్చి పడుకుంటే కళ్ళ ముందు జానెడు కుట్టు, ఇంకా ఎర్రగా, ఎక్కువగా ఉన్న జానెడు. దాన్ని అరగదీసెయ్యకుండా మొదలుపెట్టడానికి లేదు. గ్రైండరు తీశాడు. గ్రైండరు అంటే ఊరంతటికీ వినపడే గొంతు. అది ఇనుము మీద ఆనగానే కీచుమని అరిచింది, నిప్పురవ్వలు మోచేతి మీదుగా పోయాయి. ఆ అరుపు ఎందుకో అవతలివాడికి తెలుసు. ఈ పనిలో చెయ్యి పండినవాడు, ఎవరు ఎంత ముందుకు పరిగెత్తాడో, ఏ ఉద్దేశంతో పరిగెత్తాడో గ్రైండరు తిరిగినంతసేపూ లెక్కగట్టి ఉంటాడు. గ్రైండరు ఆపాడు. తర్వాత అటు నుంచి ఒక దెబ్బ పడింది, నెమ్మదిగా, బాగా తీరికగా. దొరికినావురా, అన్నట్టే ఉంది. పళ్ళు కొరుక్కుని ఒకటి కొట్టి అంటించాడు.

ఇప్పుడు నడక వేరు. వడియాలు తక్కువ నూనెలో వేగుతున్నట్టు ఆగి ఆగి వస్తోంది చప్పుడు. బావ చెయ్యి బరువెక్కింది, వింటే తెలుస్తోంది, మంట పొడుగవుతోంది, మళ్ళీ కూడదీసుకుని దగ్గరికి తెస్తున్నాడు. ఢిల్లేశ్వరరావు చెయ్యి ఆ నడక ఒల్లనంటోంది, పరిగెత్తుతానంటోంది. దాన్ని పట్టి ఉంచడం, తాడు తెంపుకునే ఎద్దును పట్టినట్టుంది. కరెంటు కొంచెం తగ్గించుకున్నాడు. తగ్గించి, జబ్బుమనిషి పక్కన నడిచినట్టు, అడుగు వేసి ఆగి, అడుగు వేసి ఆగి, వాడు ఊపిరి పీల్చుకుంటే తనూ పీల్చుకుని, వాణ్ణి తిట్టుకుంటూ, వాడి కాళ్ళని తిట్టుకుంటూ, ఉద్దానం నీళ్ళని తిట్టుకుంటూ. అప్పకి ఎప్పటి నుంచి తెలుసు? కిందటి అమావాస్యకి గాజులు దాచుకునే గుడ్డసంచి తీసుకుని పలాస బస్సు ఎక్కడం చూశాడు, సంతకి అనుకున్నాడు. తమ్ముడూ అని పిలవబోయి ఆగిపోయింది. మొగుణ్ణి తిట్టే తమ్ముడితో మొగుడి జబ్బేం చెప్పుకుంటుంది?

"బాబూ!" అని అరిచాడు డాలు ఎత్తకుండానే. "ఎండొచ్చీసింది! తూరుపు పక్క టార్పాలిను కప్పించండి, నేకపోతే మళ్ళీ ఎండ్రకాయే!"

"కప్పించడానికి ఎవులున్నార్రా ఇక్కడ, నానూ నా కుర్చీ తప్ప?"

"కుర్చీని పంపండి!"

అవతల నుంచి దగ్గులాంటిది వినిపించింది, నవ్వో దగ్గో. తర్వాత ఆడగొంతు. తవిటమ్మ, అన్నం క్యారేజీతో వచ్చినట్టుంది. "ఓలమ్మ, పట్టండి బాబూ ఆ మూల, తెల్లబట్టలు సలవకెయ్యొచ్చు, బోటుని సలవకెయ్యనేం!" నీలం టార్పాలిను ఇసక మీద ఈడ్చిన చప్పుడు, నారాయణరావు రొప్పు, ఎవర్నో తిట్టడం. బోటు పొట్ట కింద వెలుగు నీలంగా మారింది. ఆ నీలంలో చుక్క వెనక చుక్క, జానెడు వెనక జానెడు, వెనక కొస దాకా. చివరి రెండు దెబ్బలు ఇటూ అటూ ఒక్కసారే పడ్డాయి. ఒక్క దెబ్బలాగే వినిపించాయి.

చల్లారనివ్వాలి. ఎవరూ ఎవరి మొహం చూడకుండా కూర్చున్నారు. ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది, లోపల లాగుతోంది, ఏ పక్కకి లాగుతోందో అదొక్కదానికే తెలుసు. అరచెయ్యి ఆనించగలిగేంత అయ్యాక, మబ్బు మళ్ళీ మూసుకున్నాక, నల్లదారం ఉండ తీశాడు ఢిల్లేశ్వరరావు. గట్టి కొలత రేపు తెల్లారకముందు. ఇప్పుడు చూసేది మనసాగక. ముందు కొస తను పట్టుకున్నాడు. వెనక కొస పట్టడానికి రామూర్తి లేచాడు, ఒట్టికాళ్ళతో, టార్పాలిను తాడు పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ. దారం బిగిసింది. నారాయణరావు మోకాళ్ళ మీద వంగి, ఒక కన్ను మూసి, దారం వెంట చివరిదాకా నడిచాడు. దారానికీ ఇనుముకీ మధ్య సందు నడుము దగ్గరా అంతే, కొసలోనూ అంతే.

"తిన్నగున్నాదిరా! ఈసారి ఎవుడి సెయ్యి మహిమరా ఇది?" అన్నాడు ఇద్దరి వైపూ చూస్తూ.

ఢిల్లేశ్వరరావు దారం వదల్లేదు. ఆ కొసన బావ పెదవి కదుల్తుందేమోనని చూశాడు. పదిమంది లేకపోయినా ఇదే ఇసక, ఇదే మనిషి ఎదుట. కిందటిసారి ఎంత ముక్క చాలిందో ఇప్పుడూ అంతే ముక్క చాలు. రామూర్తి దారం చివర ముడి విప్పి, ఇసకలో పడకుండా వేలికి చుట్టుకుంటూ వచ్చి, ఉండ తెచ్చి ఇతని పక్కన పెట్టాడు. ఢిల్లేశ్వరరావూ గ్రైండరు సంగతి ఎత్తలేదు.

బోటు నీడలో గోనెసంచి పరిచి తవిటమ్మ క్యారేజీ విప్పింది. కాగితం ప్లేట్లు మూడు. అన్నం, బీరకాయ కూర. ఎండునెత్తళ్ళు లేనిదే ముద్ద దిగని ఇంట్లో ఒట్టి బీరకాయ. నారాయణరావు బండి ఎక్కి వెళ్ళిపోయాడు. ఢిల్లేశ్వరరావు ముద్ద నోట్లో పెట్టుకుని అప్ప వైపు చూశాడు. కూరలో ఉప్పు లేదు. అప్ప తల ఎత్తలేదు, క్యారేజీ మూతలోంచి చిన్న ఉప్పు పొట్లం తీసి తమ్ముడి ప్లేటు పక్కన పెట్టింది. రామూర్తి దాన్ని చూసి, మోచేత్తో ఇంకొంచెం ఇటు తోశాడు, నీకెందుకురా నా తిండి అన్నట్టు. పొట్లం ఇద్దరి ప్లేట్ల మధ్యన ఆగింది. రామూర్తి చిన్న ముద్ద చేసి, ఎత్తి, నమిలి, చాలాసేపటికి మింగాడు. ఢిల్లేశ్వరరావు కలిపి పట్టుకున్న ముద్దను అప్పటిదాకా ఆపి, అప్పుడు నోట్లో పెట్టుకున్నాడు. మళ్ళీ ఆ చెయ్యి ఎత్తితే ఈ చెయ్యి ఎత్తింది. నెత్తళ్ళ ఆడవాళ్ళు ఇసకలో చేపల్ని తిరగేస్తున్నారు. ముగ్గురి అన్నం అయిపోయేదాకా ఆ పొట్లం ఎవరూ విప్పలేదు.